మోడల్ రైల్వేలో సెమాఫోర్ సిగ్నల్ రెక్కను విద్యుత్తుతో నడపడం: సోలినాయిడ్ విరగ్గొడుతోంది, సర్వో వణుకుతోంది

చిన్నగేజి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను 1:76 స్కేలులో ఒక చిన్న స్టేషన్ నిర్మిస్తున్నాను. రెండు లూపులు, ఒక సైడింగ్, మొత్తం ఆరు సెమాఫోర్ సిగ్నళ్లు (స్తంభంపై కదిలే రెక్కతో సూచన ఇచ్చేవి) ఉన్నాయి. అన్నీ లోయర్ క్వాడ్రంట్ రకానివే, అంటే రెక్క అడ్డంగా ఉంటే రైలు ఆగాలి, కిందికి వాలితే వెళ్లవచ్చు. స్తంభాలను ఇత్తడి గొట్టంతోనూ, రెక్కలను పల్చని ఇత్తడి రేకుతోనూ నేనే తయారు చేసుకున్నాను. అసలు సిగ్నల్‌లో నాలుగు అడుగులుండే రెక్క ఈ స్కేలుకు వచ్చేసరికి 16 మి.మీ. అవుతుంది, 25 అడుగుల స్తంభం దాదాపు 100 మి.మీ. అవుతుంది. చేతితో తీగ లాగినప్పుడు ఆరూ చక్కగానే కదిలాయి. విద్యుత్తు కలిపిన తరువాతే నా కష్టాలు మొదలయ్యాయి.

మొదట, పాయింట్ల (రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే చోట్ల) కోసం తెచ్చి మిగిలిపోయిన రెండు చుట్ల సోలినాయిడ్ మోటారును, అంటే కరెంటు ఇస్తే ఇనుప కడ్డీని లోపలికి లాగే తీగ చుట్టలను, ఒక సిగ్నల్‌కు బిగించాను. మూడోసారి మీట నొక్కగానే టంకం ఊడిపోయి రెక్క ఎగిరిపోయింది. దానిని వెతికి పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తరువాత ఆర్డుయినోతో (ప్రోగ్రాము రాసుకోగల చిన్న కంట్రోలర్ బోర్డు) నడిచే చిన్న 9 గ్రాముల సర్వోలను (చెప్పిన కోణానికి తిరిగి నిలిచే మోటార్లను) పెట్టాను. కదలిక నెమ్మదిగా, బాగానే ఉంది. కానీ కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆరు రెక్కలూ ఒక్కసారిగా సలాం కొట్టినట్లు ఎగిరిపడుతున్నాయి, ఆ తరువాత కదలకుండా ఉన్నప్పుడు కూడా సర్వోలు సన్నగా గుయ్యిమంటూనే ఉన్నాయి. ఇలా ఎగిరిపడినప్పుడే ఒకసారి 0.3 మి.మీ. తీగ వంగిపోయింది.

నాకు కావలసినవి నాలుగు. రెక్క నెమ్మదిగా వాలాలి, తిరిగి లేచినప్పుడు అసలు సిగ్నల్‌లాగా ఒకటి రెండుసార్లు ఊగి నిలవాలి. కరెంటు పెట్టినప్పుడు ఈ గెంతులు ఉండకూడదు. ఒకే స్తంభంపై పైన హోమ్ (ఇక్కడ ఆగమని చెప్పే రెక్క), కింద డిస్టెంట్ (అడ్డంగా ఉంటే ముందున్న సిగ్నల్ వద్ద ఆగడానికి సిద్ధం కమ్మని హెచ్చరించే రెక్క) ఉన్న సిగ్నల్ ఒకటుంది, దానిలో హోమ్ వాలనిదే డిస్టెంట్ వాలకూడదు. చివరిగా, రెక్క అడ్డంగా ఉన్నప్పుడు రైలు దానంతట అదే ఆగాలి. నాది సాధారణ డీసీ కంట్రోలర్, డిజిటల్ కాదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని మనవి.

ఇత్తడిపని (జవాబు)

చిన్నగేజి గారూ, మీ రెండు ప్రయత్నాలలోనూ తప్పు మోటారుది కాదని నా అభిప్రాయం. రెండుసార్లూ మీరు మోటారును రెక్కకు గట్టిగా కట్టేశారు. అందువల్ల మోటారు చేసిన ప్రతి పిచ్చి పనీ నేరుగా రెక్క దాకా చేరింది.

అసలు సిగ్నల్ ఎలా పని చేస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. సిగ్నళ్లను నడిపే క్యాబిన్‌లో లివర్ లాగితే వందల గజాల పొడవున్న తీగ స్తంభం అడుగున ఉన్న బరువు లివర్‌ను ఎత్తుతుంది. దానితో ఊచ పైకి లేచి, రెక్కకు అవతలి వైపు రంగు అద్దాలు బిగించి ఉండే స్పెక్టకిల్‌ను పైకి నెడుతుంది. స్పెక్టకిల్ లేస్తే రెక్క వాలుతుంది. తీగ లాగగలదే తప్ప నెట్టలేదు. కనుక రెక్కను తిరిగి అడ్డంగా తెచ్చే పని మనిషిది కాదు, బరువుది. తీగ తెగిపోయినా రెక్క అడ్డంగానే రావాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన. ఇంగ్లండులో అబట్స్ రిప్టన్ వద్ద 1876 జనవరి 21న జరిగిన ప్రమాదంలో, స్తంభం చీలికలో కదిలే రెక్క మంచుకు బిగుసుకుపోయి వాలిన స్థితిలోనే ఉండిపోయింది. ఆ తరువాతనే అక్కడి గ్రేట్ నార్తర్న్ రైల్వే, రెక్కను స్తంభానికి దూరంగా వేరే ఇరుసుపై మధ్యలో తూచినట్లు నిలిపే సోమర్‌సాల్ట్ సిగ్నళ్లకు మారింది.

మన బల్లపై మంచు కురవదు గాని, ఆ పాత్రను రంగు పోషిస్తుంది. ఇరుసు రంధ్రంలోకి దిగిన చుక్క రంగు, అంచున పాకిన కాస్త టంకం, రెక్కను పట్టి ఆపడానికి ఇవి చాలు. అందుచేత మోటారు సంగతి పక్కన పెట్టి ముందు ఒక పరీక్ష చేయండి. ఊచను విప్పి, స్తంభాన్ని నిటారుగా పట్టుకుని, రెక్కను వేలితో కిందికి వంచి వదిలేయండి. అది దానంతట అదే అడ్డంగా రావాలి. రాలేదంటే రెండే కారణాలు ఉంటాయి, ఇరుసు బిగుతుగా ఉండడం లేదా స్పెక్టకిల్ కంటే రెక్క బరువెక్కువ కావడం. మొదటిదానికి రంధ్రాన్ని మళ్లీ శుభ్రం చేయాలి. రెండోదానికి స్పెక్టకిల్ వెనక కంటికి కనబడని చోట ఒక బొట్టు టంకం పెడితే సరిపోతుంది. ఈ పరీక్షలో గెలవని సిగ్నల్‌కు ఎంత ఖరీదైన మోటారు పెట్టినా ప్రయోజనం ఉండదు.

ఇక బోర్డు కింద చేయవలసిన ఏర్పాటు చెబుతాను. సుమారు 30 మి.మీ. పొడవున్న ఇత్తడి పట్టీని ఒక చివర ఇరుసుపై నిలిపి లివర్‌గా చేయండి. ఇరుసు నుంచి 10 మి.మీ. దూరంలో సిగ్నల్ ఊచను తగిలించండి. లివర్ రెండో చివరకు రెండు మూడు గ్రాముల బరువు అంటించండి, ఒక చిన్న నట్టు చాలు. లివర్ కింద, అది దిగి ఆనుకునే చోట, ఒక మర బిగించండి. మరను తిప్పితే రెక్క అడ్డంగా నిలిచే స్థానం సరిపడుతుంది, దెబ్బ కూడా రెక్కపై కాక మరపై పడుతుంది. సర్వో చేతిని ఈ లివర్‌కు కట్టవద్దు. సర్వో చేయి కింది నుంచి వచ్చి లివర్‌ను ఎత్తాలి, దిగినప్పుడు లివర్ దానిపై ఆనుకుని దిగాలి, పూర్తిగా దిగిన తరువాత ఆ రెంటికీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ మిగలాలి. కరెంటు పెట్టినప్పుడు సర్వో కొద్దిగా వణికినా అది ఆ ఖాళీలోనే వణుకుతుంది, రెక్కకు ఆ సంగతే తెలియదు.

లివర్‌ను పైకి ఎత్తేటప్పుడు ఊచ నెట్టుడుకు గురవుతుంది కనుక, 100 మి.మీ. స్తంభం వెంట రెండు చోట్ల సన్నని ఇత్తడి ఉంగరాలలోంచి దానిని పోనివ్వండి. బోర్డు కింది భాగంలో ఊచకు ఆంగ్ల యు అక్షరం ఆకారంలో ఒక వంపు ఉంచండి. సర్వో అవసరానికి మించి ఎత్తితే ఆ మిగులు వంపులో ఇమిడిపోతుంది, రెక్క టంకంపైకి రాదు. లివర్, సర్వో, స్తంభం మూడింటినీ ఒకే చిన్న పలకపై బిగిస్తే, సిగ్నల్ మొత్తాన్ని బోర్డు నుంచి పైకి లాగి బల్లపై పెట్టుకుని సరిచేయవచ్చు. బోర్డు కింద వెల్లకిలా పడుకుని అర మిల్లీమీటరు సవరణలు చేసే వయసు నాకైతే దాటిపోయింది.

సోలినాయిడ్ గురించి ఒక్క మాట. అందులో ఇనుప కడ్డీని చుట్ట దారి పొడవునా లాగుతూనే ఉంటుంది కనుక, అది ప్రయాణం చివరలోనే అన్నిటికంటే వేగంగా ఉంటుంది, అదే వేగంతో గోడకు కొట్టుకున్నట్లు ఆగుతుంది. 2200 మైక్రోఫారాడ్ కెపాసిటర్‌ను 24 వోల్టులకు నింపి వదిలితే అందులో సుమారు 0.63 జౌళ్ల శక్తి ఉంటుంది. నష్టాలు లేవనుకుంటే, ఒక గ్రాము బరువును 60 మీటర్ల ఎత్తుకు పంపగల శక్తి అది. గ్రాము కూడా లేని మీ రెక్క ఎక్కడికి పోయిందో ఇప్పుడు మీకు ఆశ్చర్యం కలగదు.

పల్సులెక్క (జవాబు)

ఇత్తడిపని గారు చెప్పిన లివర్ ఏర్పాటుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ ఏర్పాటు చూసి, ఊపు కూడా బరువే తెచ్చిపెడుతుందని ఎవరైనా అనుకుంటే, ఆ ఒక్క విషయంలో జాగ్రత్త అవసరం. స్కేలు తగ్గినా గురుత్వాకర్షణ తగ్గదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఏ వస్తువైనా పడడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. బరువును ఒక్కసారిగా వదిలేస్తే రెక్క టక్కుమని నిలుస్తుంది, ఊగినా ఆ ఊపు కంటికి అందదు. కనుక దిగేటప్పుడు కూడా లివర్‌ను సర్వో చేతిపైనే ఆనించి, ఎంత వేగంతో దిగాలో, ఎన్నిసార్లు ఊగాలో ప్రోగ్రాము చేతనే చెప్పించాలి.

అందుకు ముందుగా కొలతలు సరిచూసుకోవాలి. రెక్క ఇరుసు నుంచి ఊచ తగిలే రంధ్రానికి 2 మి.మీ. దూరం ఉండి, రెక్క 45 డిగ్రీలు వాలాలంటే ఊచ సుమారు 1.5 మి.మీ. కదిలితే చాలు. సర్వో చేతిలో 5 మి.మీ. దూరంలోని రంధ్రానికి ఊచను నేరుగా కడితే, ఆ 1.5 మి.మీ. కోసం సర్వో 17 డిగ్రీలే తిరుగుతుంది. సర్వోకు స్థానం చెప్పేది ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒకసారి వెళ్లే పల్సు వెడల్పు. సుమారు 1000 నుంచి 2000 మైక్రోసెకన్ల మధ్య అది 90 డిగ్రీల మేర తిరుగుతుంది. అంటే మీ రెక్క కదలిక మొత్తానికీ దక్కేది 190 మైక్రోసెకన్లే. చవక సర్వోలు 10 మైక్రోసెకన్ల లోపు తేడాను గుర్తించవు కనుక, చివరికి రెక్క పందొమ్మిది మెట్లుగా, తడబడుతూ దిగుతుంది. ఇత్తడిపని గారి లివర్‌లో ఊచ 10 మి.మీ. వద్ద, సర్వో చేయి 30 మి.మీ. వద్ద తగులుతాయి కనుక సర్వో వైపు కదలిక మూడింతలై 4.5 మి.మీ. అవుతుంది. అదే 5 మి.మీ. చేయి ఇప్పుడు 53 డిగ్రీలకు పైగా తిరగాలి, అంటే దాదాపు 600 మైక్రోసెకన్లు, అరవై మెట్లు. కదలిక నునుపుగా కనిపించడానికి ఆ తేడా చాలు. ఆర్డుయినోలో డిగ్రీల లెక్కన ఆజ్ఞ ఇవ్వకండి, మైక్రోసెకన్ల లెక్కన ఇవ్వండి. డిగ్రీల లెక్కన ఇస్తే ఒక్కో మెట్టు పది మైక్రోసెకన్ల కంటే కొంచెం పెద్దదవుతుంది.

కదలిక విషయానికి వస్తే, వాలేటప్పుడు మొదట మూడో వంతు దూరం కదిలి, అర క్షణం తటపటాయించి, మిగిలింది పూర్తి చేయాలి. అసలు సిగ్నల్‌లో పొడవాటి తీగ బిగుసుకునేటప్పుడు కనిపించే ఆలస్యం అదే. మొత్తం సుమారు ఒక సెకను. లేచేటప్పుడు అంతకంటే వేగంగా, సెకనులో మూడో వంతులో అడ్డంగా వచ్చి, అక్కడి నుంచి దూరంలో ఇరవై శాతం కిందికి జారి, మళ్లీ లేచి, ఎనిమిది శాతం జారి, నిలవాలి. ఊపు ఎప్పుడూ కింది వైపే ఉండాలి. రెక్క అడ్డగీతను దాటి పైకి లేవడం చాలామంది మోడళ్లలో చూశాను. అసలు సిగ్నల్‌లో అక్కడ ఆపుడు దిమ్మ ఉంటుంది కనుక అలా జరగడానికి వీలు లేదు. ఆరు సిగ్నళ్లకూ ఒకే అంకెలు వాడకండి, ఒక్కో తీగ పొడవు ఒక్కోలా ఉంటుంది కదా, ఊపులో కూడా ఆ తేడా కనిపిస్తే బాగుంటుంది.

కరెంటు పెట్టినప్పటి గెంతుకు మూడు కారణాలు కలుస్తాయి. మొదటిది, ఆర్డుయినో మేలుకునే వరకు దాని కాళ్లు (తీగలు కలిపే పిన్నులు) ఏ వోల్టేజీకీ కట్టుబడకుండా తేలుతూ ఉంటాయి, ఆ సమయంలో సిగ్నల్ తీగపై వచ్చిన ప్రతి గీతనూ సర్వో పల్సుగా భావిస్తుంది. సర్వో సిగ్నల్ తీగను 4.7 కిలో ఓముల రెసిస్టర్‌తో 5 వోల్టులకు కట్టండి. తీగ నిలకడగా పైనే ఉంటే సర్వోకు పల్సు అందదు కనుక చాలా అనలాగ్ సర్వోలు కదలవు. రెండోది, సర్వోను జతచేసే ఆజ్ఞకు ముందు స్థానం చెప్పకపోతే సర్వో లైబ్రరీ (సర్వోలను నడపడానికి సిద్ధంగా దొరికే ప్రోగ్రాము) మొదట 1500 మైక్రోసెకన్ల నడిమి స్థానాన్నే పంపుతుంది. కాబట్టి ముందు స్థానం రాయండి, ఆ తరువాతే జత చేయండి. పోయినసారి ఎక్కడ నిలిచిందో ఈఈప్రామ్‌లో (కరెంటు తీసినా చెరగని జ్ఞాపకంలో) దాచుకుంటే ఇంకా మంచిది. నేనైతే దాచుకోను, ఆట మొదలయ్యేటప్పుడు అన్ని సిగ్నళ్లూ అడ్డంగానే ఉండాలన్నది నా నియమం. మూడోది, సర్వోలకు కరెంటును ఆర్డుయినో 5 వోల్టుల కాలు నుంచి ఇవ్వడం. బిగుసుకున్న చిన్న సర్వో అర ఆంపియర్‌కు మించి లాగగలదు. ఆరింటికీ విడిగా 5 వోల్టుల, కనీసం 2 ఆంపియర్ల సరఫరా పెట్టి, గ్రౌండ్ (మైనస్ తీగ) మాత్రం రెండింటికీ కలపండి. గ్రౌండ్ కలపడం మరచిపోతే సర్వోలు దయ్యం పట్టినట్లు ఆడతాయి. సర్వోల దగ్గర 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్ ఒకటి ఉంచి, ఒక సమయంలో ఒక సర్వోనే కదిలేలా వరుస పెట్టండి.

గుయ్యిమనే చప్పుడుకు చికిత్స తేలిక. కదలిక పూర్తయిన అర సెకను తరువాత పల్సులు ఆపేయండి. మూడు గ్రాముల బరువును పట్టి ఉంచడానికి సర్వో లోపలి పళ్ల చక్రాల బిగువు సరిపోతుంది.

వేడితీగ (జవాబు)

సర్వోలతో తృప్తి పడినవారిని మార్చాలని నేను రాయడం లేదు. కానీ బోర్డు కింద చోటు లేనివారికి, చప్పుడు అసలే వద్దనుకునేవారికి మరో మార్గం ఉంది, అది మెమరీ తీగ. నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ అనే మిశ్రలోహంతో చేసిన తీగను వేడి చేస్తే పొట్టిదవుతుంది, చల్లారితే కొద్ది బలంతో మళ్లీ సాగుతుంది. ఆ పేరు చివరనున్న అక్షరాలు అది పుట్టిన అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలవి. కరెంటు పంపితే తీగ తనంతట తానే వేడెక్కుతుంది కనుక వేరే మోటారు అక్కర లేదు.

నేను వాడేది 0.05 మి.మీ. మందపు తీగ, అంటే దాదాపు వెంట్రుక మందమే. 60 మి.మీ. ముక్క మూడు శాతం కుదించుకుంటే 1.8 మి.మీ. కదలిక వస్తుంది, 45 డిగ్రీల రెక్కకు అది సరిపోతుంది. నాలుగు శాతానికి మించి ఆశపడితే తీగ త్వరగా అలసిపోతుంది. దానికి కావలసిన కరెంటు సుమారు 85 మిల్లీయాంపియర్లు. వోల్టేజీని కాక కరెంటును నియంత్రించాలి. ఎల్ఎం 317 చిప్‌కు 15 ఓముల రెసిస్టర్ కలిపితే 83 మిల్లీయాంపియర్ల దగ్గర నిలకడగా ఇస్తుంది. ఆ చిప్ తన రెండు కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉంచుతుంది కనుక లెక్క అంత సులభం. 9 వోల్టుల సరఫరా చాలు.

ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. తీగ కొసలకు టంకం వేయకూడదు, ఆ వేడికి అక్కడి లోహం తన గుణాన్ని పోగొట్టుకుంటుంది. సన్నని ఇత్తడి గొట్టంలో దూర్చి పటకారుతో నొక్కాలి, లేదా మర కింద బిగించాలి. రెండోది మరింత ముఖ్యం. ఇత్తడిపని గారు చెప్పిన మూడు గ్రాముల బరువు ఇక్కడ చాలదు. చల్లారిన తీగను తిరిగి సాగదీయడానికి 0.05 మి.మీ. తీగకే 15 గ్రాముల దాకా బలం కావాలి, 0.1 మి.మీ. తీగకైతే దానికి మూడు నాలుగు రెట్లు. కనుక నట్టు బదులు సన్నని స్ప్రింగు పెట్టుకోండి, తీగకు కావలసిన ఆ బలాన్ని లివర్, దాని కింది మర మాత్రమే మోయాలి, రెక్క దాకా రానివ్వకూడదు.

రెక్క వాలడం మాత్రం చూడవలసిన దృశ్యం. ఏ మోటారూ అంత మెత్తగా కదిలించలేదు. పల్సులెక్క గారు ప్రోగ్రాములో కష్టపడి రాసిన తటపటాయింపు, తీగ వేడెక్కే ఆ క్షణంలో దానంతట అదే వస్తుంది. అయితే లేచేటప్పుడు ఊపు రాదు, తీగ చల్లారేకొద్దీ రెక్క నిదానంగా లేస్తుంది. ఊపు లేకపోతే సిగ్నల్ కాదని మీరు అనుకుంటే సర్వోనే మీకు తగినది.

చిన్నగేజి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇత్తడిపని గారు చెప్పిన పరీక్షలో నా ఆరు సిగ్నళ్లలో నాలుగు తప్పాయని సిగ్గుపడుతూ చెబుతున్నాను. మూడింటిలో రంగు, ఒకదానిలో ఇరుసు వెంట పాకిన టంకం. ఇంతకాలం ఆ బిగుతునంతా సర్వోలే మౌనంగా మోస్తూ వచ్చాయన్నమాట. ఊపు నాకు కావాలి కనుక సర్వోలతోనే ముందుకు వెళతాను. హోమ్, డిస్టెంట్ల ముడి గురించి, రైలు ఆగడం గురించి ఎవరైనా చెప్పగలరా?

క్యాబిన్‌మెట్లు (జవాబు)

ఒకే స్తంభంపై ఉన్న ఆ రెండు రెక్కల సంగతిలో ముందు ఒక విషయం స్పష్టం చేసుకుందాం. పైనున్న హోమ్ ఈ క్యాబిన్‌ది, కిందనున్న డిస్టెంట్ తరువాతి క్యాబిన్‌ది. తరువాతి క్యాబిన్ తన సిగ్నళ్లన్నీ వాల్చి డిస్టెంట్ లివర్ లాగినా, ఇక్కడి హోమ్ అడ్డంగా ఉన్నంత వరకు డిస్టెంట్ వాలకూడదు. ఎందుకంటే, పైరెక్క ఆగమంటుంటే కిందిరెక్క ముందంతా ఖాళీ అని చెప్పడం డ్రైవరును మోసం చేయడమే. అసలు స్తంభాలపై ఈ పనిని స్లాట్ అనే బరువు లివర్ల అమరిక చేస్తుంది. ఇద్దరూ లాగితేనే రెక్క వాలుతుంది, ఎవరు వదిలినా లేస్తుంది.

మోడల్‌లో దీనికి ప్రోగ్రాము రాయవచ్చు గాని, నేను స్విచ్చి తీగలలోనే చేస్తాను. డిస్టెంట్ స్విచ్చికి వెళ్లే కరెంటును నేరుగా ఇవ్వకుండా హోమ్ స్విచ్చి గుండా పంపండి. హోమ్ వేసి ఉంటేనే డిస్టెంట్ స్విచ్చికి కరెంటు అందుతుంది, హోమ్ తీసేయగానే డిస్టెంట్ కూడా దానితోపాటే లేస్తుంది. తీగలలో ఉన్న నియమాన్ని ఆట మధ్యలో ఎవరూ మరచిపోలేరు. మీ డిస్టెంట్ సూచించే తరువాతి స్టేషన్ మోడల్‌లో కనిపించకుండా దాచిన లైన్లలో ఉంటే, ఆ డిస్టెంట్‌ను కదలకుండా అడ్డంగానే బిగించేయడం కూడా తప్పు కాదు. అసలు రైల్వేలలోనూ అలాంటివి ఉండేవి.

రైలు ఆగడానికి, సిగ్నల్‌కు ముందున్న ఒక పట్టాను రెండు చోట్ల కోసి విడి ముక్క చేయండి. ఆ ముక్కకు కరెంటును ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ద్వారా ఇవ్వండి, రెక్క వాలినప్పుడే రిలే కలవాలి. లివర్ కింద మైక్రోస్విచ్చి పెడదామని చాలామందికి తోస్తుంది. ఆ స్విచ్చి నొక్కడానికి పదుల గ్రాముల బలం కావాలి, మీ రెండు మూడు గ్రాముల నట్టు దానిని గెలవలేదు, కనుక ఆ ఆలోచన మానుకోండి. ఆర్డుయినో మరో కాలు నుంచి చిన్న ట్రాన్సిస్టర్‌తో రిలేను నడపండి, రిలే చుట్టకు అడ్డంగా ఒక డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) మరచిపోవద్దు. ముక్క పొడవు మీ అన్నిటికంటే పొడవైన ఇంజను నిడివికి, ఆగే లోపు అది జారే దూరం కలిపినంత ఉండాలి. పెట్టెలలో దీపాలు ఉండి చక్రాల నుంచి కరెంటు తీసుకునే రేకులుంటే, అవి కోత మీదుగా వెళ్లేటప్పుడు చనిపోయిన ముక్కకు కరెంటు దాటించే ప్రమాదం ఉంది, అలాంటి పెట్టెలను ఒకసారి పరీక్షించుకోండి.

డీసీలో ఇంకో వెసులుబాటు ఉంది. ముక్కకు, దాని పక్క పట్టాకు మధ్య ఒక 3 ఆంపియర్ల డయోడ్ కలపండి. దిశ మారితే పట్టాలపై ధ్రువం మారుతుంది కనుక, సిగ్నల్ వైపు వచ్చే రైలును డయోడ్ ఆపుతుంది, అదే రైలు వెనక్కి పోవాలంటే కరెంటు వదులుతుంది. సిగ్నల్ వద్ద ఆగిన షంటింగ్ ఇంజను వెనక్కి రావడానికి రెక్క వాల్చవలసిన పని ఉండదు. రైలు కుదుపుతో ఆగడం నాకు నచ్చదు గాని, సాధారణ డీసీలో తక్కువ శ్రమతో చేయగలిగింది ఇదే.

అడగకపోయినా దీపం గురించి రెండు మాటలు. స్పెక్టకిల్‌లో ఆకుపచ్చ స్థానంలో ఉండే అసలు అద్దం కాస్త నీలం ఛాయలో ఉంటుంది, ఎందుకంటే వెనకనున్న నూనె దీపం పసుపు వెలుగును అది ఆకుపచ్చగా చూపాలి. కనుక మీరు కూడా నీలం కలిసిన ఆకుపచ్చ పొర పెట్టి, వెనక పసుపు ఛాయ గల తెల్లని అతి చిన్న ఎల్ఈడీ పెట్టండి. 12 వోల్టులకు 4.7 కిలో ఓముల రెసిస్టర్ కలిపితే 2 మిల్లీయాంపియర్ల లోపే వెళుతుంది. నూనె దీపం అంత మసకగానే వెలిగేది.

చిన్నగేజి

రెండు వారాల తరువాత ఫలితం చెబుదామని వచ్చాను. ముందుగా ఒక్క సిగ్నల్‌నే పూర్తిగా విప్పి, ఇరుసు రంధ్రం శుభ్రం చేసి, స్పెక్టకిల్ వెనక టంకం బొట్టు పెట్టి, లివర్‌పై మళ్లీ నిలిపాను. మూడు గ్రాముల నట్టు అక్కరే రాలేదు, రెండు గ్రాములకే రెక్క నిక్కచ్చిగా లేస్తోంది. 4.7 కిలో ఓముల రెసిస్టర్ పెట్టిన తరువాత కూడా కరెంటు ఇచ్చినప్పుడు సర్వో చిన్నగా ఉలిక్కిపడుతోంది. కానీ బోర్డు పైనుంచి చూసేవారికి ఏమీ కనబడదు, ఖాళీ ఒక మిల్లీమీటరు ఉంచమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది.

ఊపు అంకెలలో ఎనిమిది శాతాన్ని ఐదుకు తగ్గించాను, ఎనిమిది వద్ద రెక్క బెదిరినట్లు కనిపించింది. డిస్టెంట్ ముడి స్విచ్చి తీగలతోనే చేశాను, మొదటిసారి తీగలు తారుమారై డిస్టెంట్ వేస్తేనే హోమ్ వాలింది, అది వేరే కథ. మిగిలిన వాటిలో రెండింటికి ఇరుసులు మార్చాలి. బ్రాకెట్‌పై పక్కపక్కనే ఉన్న జంట సిగ్నల్‌కు బోర్డు కింద రెండు సర్వోలు పట్టడం లేదు, దానికి మాత్రం వేడితీగ గారి మార్గం ప్రయత్నిద్దామని 0.05 మి.మీ. తీగ తెప్పించాను. వేడితీగ గారూ, అంత సన్నని తీగను ఇత్తడి గొట్టంలో నొక్కేటప్పుడు జారిపోకుండా మీరు ఏం చేస్తారు?

వేడితీగ

గొట్టంలోకి దూర్చే ముందు తీగ కొసను ఒకసారి మడిచి ముడి వేయండి, ఆ ముడిపైనే నొక్కండి. నొక్కిన తరువాత తీగకు 20 గ్రాముల బరువు వేలాడదీసి ఒక పూట వదిలేయండి. జారే ముడి ఆ పూటలోనే జారుతుంది.